మీరింక రానక్కర్లేదు

"ఇంకోసారి పెట్టండి," అంది వకీలమ్మ.

అక్క ఫోన్ మీద వేలితో నొక్కింది. భోజనాల బల్ల మీద వెల్లకిలా పడున్న ఆ ఫోన్‌లోంచి అక్క గొంతే మళ్ళీ పలికింది.

"మరిదీ, నడుం సంగతి విన్నాను. మీరింక రానక్కర్లేదు. ఇక్కడి పని గురించి ఆలోచించకండి. ఒంట్లో జాగ్రత్త."

అంతే. తుమ్మి ముక్కు తుడుచుకునేలోగా అయిపోయే మాట. ఆ మాట కోసం లేబర్ ఆఫీసు నుంచి నోటీసు, నోటీసు కోసం వకీలు, వకీలు కోసం పొద్దుటినుంచీ ఫ్లాస్కుల కొద్దీ టీ.

కింద లాండ్రీలో హైడ్రో తిరగడం మొదలైంది. తడి దుప్పట్లను గిరగిరా తిప్పి నీళ్ళు పిండే మిషన్ అది. అది తిరిగినంతసేపూ పై అంతస్తులోని ఈ ఇంట్లో అరల మీది గ్లాసులు గలగలమంటాయి. ఇంట్లోవాళ్ళకు అలవాటే. వకీలమ్మ మాత్రం టీ కప్పును చేత్తో పట్టుకుంది.

"మర్యాదగానే ఉంది," అందామె. "'మీరు' అన్నారు, 'జాగ్రత్త' అన్నారు. ప్రేమగా చెప్పారని వాదించుకోవచ్చు. కానీ ఆ 'రానక్కర్లేదు' ఉంది చూశారా, అదే మన పీక మీదికొచ్చింది. ఎప్పటిదాకా రానక్కర్లేదు? నయమయ్యేదాకానా, ఎప్పటికీనా?"

"నయమయ్యేదాకానే. ఆ మాత్రం ఎవరికైనా తెలీదా?"

"తెలియాలంటే చెప్పాలండీ."

"నేను మొదట్నుంచీ జాగ్రత్తగా ఉండాలనే అంటున్నా," అన్నాడు అక్క భర్త కిటికీ దగ్గర నిలబడి. లాండ్రీలో అందరూ వెనకాల ఆయన్ని జాగ్రత్తయ్య అంటారు. ముందర సార్ అంటారు. రెండూ ఆయనకి ఇష్టమే, ఎందుకంటే రెండోది మాత్రమే ఆయన చెవిన పడింది.

వకీలమ్మ ఆయన వైపు తిరిగింది. "మీ తోడల్లుడు వెన్నుకి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు. ఆయన మిషన్ దగ్గర ఎవర్ని పెట్టారు?"

"మా పెద్దనాన్న కొడుకుని."

"తాత్కాలికంగానా?"

"అంటే... వాడు ఉన్న ఊరొదిలేసి పెళ్ళాం పిల్లల్తో సహా వచ్చేశాడు."

"మరి ఆయన లాకర్?"

"తాళం తీయించి, ఆయన సామాన్లన్నీ సంచిలో పెట్టించి ఇంటికి పంపాం. చాలా భద్రంగా పంపాం."

"ఆయన జబ్బు సంగతి బయట ఎవరితోనైనా అన్నారా?"

"నాకేం పనండీ? మనకి దుప్పట్లు వేసే హోటల్ మేనేజరు అడిగితే, వెన్ను పోయింది, ఇంక పనికిరాడేమో అన్నాను. అంతే."

వకీలమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "సెలవు తాలూకు కాయితం ఏమైనా ఉందా? ఆయన రాసింది గానీ, మీరు రాసింది గానీ?"

అక్కకి ఉక్రోషం వచ్చింది. "సొంత చెల్లెలి మొగుడండీ. అతను సెలవు చీటీ రాసివ్వడం, నేను సంతకం పెట్టడం, ఏం బావుంటుంది? ఇంటి మనిషికి కాయితాలేంటి?"

"మీలాంటివాళ్ళు ఉండబట్టే మాకు నాలుగు మెతుకులు దొరుకుతున్నాయి," అంది వకీలమ్మ. హాస్యానికి అన్నట్టు లేదు. "పరాయివాడైతే రాసిచ్చేవారు. నీ ఉద్యోగం నీదే, డాక్టరు సరేనన్నప్పుడు రా, బరువులు ఎత్తలేకపోతే ఎత్తక్కర్లేని పని చూస్తాం అని. ఆ ముక్క రాసి చేతిలో పెట్టి ఉంటే రేపు విచారణే లేదు. చుట్టం కాబట్టి నోటితో సరిపెట్టారు. అతను చుట్టం కాబట్టే మనసు విరిగింది."

జాగ్రత్తయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికి ఆరేసిన దుప్పట్లు తప్ప ఏమీ లేవు.

వకీలమ్మ వేసిన దారి ఇది. మధ్యాహ్నం చెల్లెలూ మరిదీ వస్తున్నారు. మరిదికి కూర్చుని చేసే పని ఇస్తామనాలి. మురికి బట్టలు విడదీసే బల్ల దగ్గర పర్యవేక్షణ. అతను ఒప్పుకుని ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెడితే సరేసరి. పెట్టకపోతే రేపు విచారణ. జబ్బు చేసిన పనివాణ్ణి గెంటేశారన్న పేరొస్తే పెద్దాసుపత్రి దుప్పట్లు ఇంక ఈ గడప తొక్కవు. ఆసుపత్రి దుప్పట్లు లేకపోతే లాండ్రీ లేదు.

అక్కని పట్టి ఊపేస్తున్నది మాత్రం దుప్పట్లు కాదు. నోటీసు వచ్చిన దగ్గర్నుంచి చెల్లెలు ఆమె ఫోన్ ఎత్తడం లేదు. జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచిన చెల్లెలు. ఈరోజు సంతకం పడితే లాండ్రీ దక్కుతుంది. దాంతోపాటు చెల్లెలూ దక్కుతుందని ఆమె ఆశ.

"ఇంకొక్కటి చెప్పండి," అంది వకీలమ్మ కాయితాలు సర్దుకుంటూ. "ఆ మెసేజ్ పెట్టినప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

అక్క తన భర్త వైపు చూడలేదు. వంటింటి వైపూ చూడలేదు.

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

వంటింట్లో తల్లి గిన్నెలు కడుగుతోంది. చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

తల్లి నోటీసు వచ్చిన రోజునుంచి పెద్దకూతురితో మాట్లాడటం మానేసింది. అడిగిందానికి తల ఊపుతుంది, పెట్టింది తింటుంది. పోట్లాడినా బావుండేది. ఇంట్లో ఒక మనిషి ఉండి కూడా లేనట్టుంటే ఆ బరువు పోట్లాటకన్నా ఎక్కువ.

*

"పనివాళ్ళతో కూడా ఇవాళ కాస్త మర్యాదగా మాట్లాడండి," అని చెప్పింది వకీలమ్మ. "రేపు వాళ్ళని సాక్ష్యానికి పిలిచినా పిలుస్తారు."

అక్క మెట్లు దిగి లాండ్రీలోకి వెళ్ళింది. ఆవిరి మొహానికి కొట్టింది. రోలర్ మీద తడి దుప్పటి ఒక పక్క ఎక్కి రెండో పక్క ఇస్త్రీ అయి దిగుతోంది. ఆ రోలర్ దగ్గర మరిది నిలబడే చోట ఇప్పుడు జాగ్రత్తయ్యగారి పెద్దనాన్న కొడుకు నిలబడి ఉన్నాడు. దుప్పటి అంచు పట్టుకోవడం అతనికి ఇంకా చేతకాలేదు. ప్రతి దుప్పటికీ ఒక మూల ముడుచుకుపోతోంది. అక్క చూసి చూడనట్టు పక్కకి తప్పుకుంది.

మడతలు పెట్టే చోట మడతల పిన్ని నిలబడి ఉంది. ఎవరికి పిన్నో ఎవరికీ తెలీదు, అందరూ అలాగే అంటారు. ఆమె పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగుతున్నాయి. అక్క స్టూలు లాగి ఆమె దగ్గర పెట్టింది.

"మీరు కాసేపు కూర్చోండి," అంది.

మడతల పిన్ని చేతిలో దుప్పటి జారిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళ చేతులు ఆగాయి.

"నేనేం చేశానక్కా?" అంది పిన్ని. "కాళ్ళు వాచాయి గానీ నిలబడగలనక్కా. ఒక్క మడత వంకర పోయిందేమో చూసుకో."

"కూర్చోమన్నాను, అంతేగా!"

"'మీరు' అన్నావు కదక్కా."

"అంటే?"

చివరికి పిన్నే చెప్పింది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇక్కడ నువ్వు ఎవర్నైనా 'మీరు' అన్నావంటే లెక్క చూసుకుని పొమ్మనేగా. ఆ వాచ్‌మన్‌ని అలాగే అన్నావు. బాయిలర్ తాతనీ అలాగే అన్నావు. ఎవరైనా నువ్వు తిట్టావని ఏడిస్తే మేమే ఊరుకోబెడతాం, 'నువ్వు' అనే అందిగా, ఇంకా ఉద్యోగం ఉందిలే అని."

వెనకాల ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

అక్క అక్కడే నిలబడిపోయింది. అది నిజం. ఆమెకి తెలియని నిజం. వెళ్ళిపోయేవాడికి మర్యాదిచ్చి పంపడం మంచితనం అనుకునేది. ఉన్నన్నాళ్ళూ ఆ మర్యాద ఎటుపోయిందో ఎప్పుడూ ఆలోచించలేదు. యజమానులకి అలాంటివి తోచవు, తోచాల్సిన అవసరం రాదు గనక.

చెల్లెలి పెళ్ళయిన నాటినుంచి మరిదిని ఆమె 'నువ్వు' తప్ప మరోటి అని ఎరగదు. ఫోన్‌లో ఆ ఒక్కసారే 'మీరు' అంది.

"కూర్చోవే ముసలిదానా," అంది అక్క గట్టిగా. "కాళ్ళు చూడు ఎలా ఉన్నాయో! కూర్చుని మడతలు పెట్టలేవూ?"

మడతల పిన్ని మొహం విప్పారింది. స్టూలు మీద కూలబడి దుప్పటి అందుకుంది. అక్కకి మాత్రం పైకి వెళ్ళే మెట్లు ఎక్కబుద్ధి కాలేదు.

*

మరిది నడుముకి బెల్టు కట్టుకుని వచ్చాడు. కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు. చెల్లెలు సోఫాలోంచి దిండు తీసి అతని వీపు వెనక పెట్టింది. సొంత ఇంట్లో తీసుకున్నట్టే తీసుకుంది. తను మాత్రం కూర్చోలేదు.

"మంచినీళ్ళు తాగవే," అంది అక్క.

"దాహం లేదు."

"ఎండలో వచ్చావు."

"నీళ్ళు మా ఇంట్లోనూ ఉన్నాయక్కా."

వకీలమ్మ గొంతు సవరించుకుంది గానీ చెల్లెలు ఆమె వైపు చూడలేదు.

"అంత కోపం వస్తే నాకే ఫోన్ చేసి అడగొచ్చుగా, ఏంటక్కా నీ ఉద్దేశం అని," అంది అక్క. "తిన్నగా లేబర్ ఆఫీసుకా వెళ్ళేది?"

"నువ్వు ఫోన్ చేసి చెప్పొచ్చుగా. ఆయన ఆసుపత్రి మంచం మీద బోర్లా పడుకుని ఉంటే మెసేజ్ పెట్టావు. మనిషితో మాట్లాడితే మనిషి తిరిగి ఏదైనా అడుగుతాడు. అందుకే పెట్టావు."

"నోటికొచ్చినట్టు మాట్లాడకు."

"నాది నోటికొచ్చిన మాట. నీది చూసుకుని చూసుకుని అన్న మాట." చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటి మీద కూడా కోపం వచ్చినట్టు గట్టిగా తుడుచుకుంది. "ఈయన అమాయకుడు. అది విని ఏమన్నాడో తెలుసా? 'చూశావా, మీ అక్క నాకు మీరు అని ఎంత గౌరవం ఇచ్చిందో' అన్నాడు. నర్సుకి కూడా వినిపించాడు. నేను నీ చేతుల్లో పెరిగాను కదక్కా. నా మీద ఒళ్ళు మండినప్పుడు 'మీరు అన్నం తినండి' అనేదానివి గుర్తుందా? ముద్ద దిగేది కాదు నాకు."

అక్క బల్ల మీది గీతని గోటితో గీరింది.

"ఊరుకోవే," అన్నాడు మరిది. తర్వాత వదిన వైపు తిరిగాడు. "కేసు వెయ్యాలన్నది మీ చెల్లెలే వదినా, సంతకం నాది. మీ మాట విన్నాక కూడా నాకు అనుమానం రాలేదు. సంచి వచ్చాకే. నా చొక్కా, టిఫిన్ డబ్బా, చేతులు కాలకుండా వేసుకునే తొడుగులు. ఆ తొడుగులు ఉతికి మడతపెట్టి మరీ పంపారు. వాటిని చూసి సంతకం పెట్టాను."

"ఉతికించింది నేనే," అన్నాడు జాగ్రత్తయ్య. మంచిపనికి పేరు పోతుందేమోనని ఆయన భయం.

చెల్లెలు బావ వైపు ఒక చూపు చూసింది. ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

వకీలమ్మ ఇదే అదననుకుని చెప్పాల్సింది చెప్పింది. డాక్టరు ఒప్పుకున్న రోజున పనిలోకి రావచ్చు. బరువులు ఎత్తక్కర్లేదు, వంగక్కర్లేదు, కుర్చీ వేస్తారు. ఇన్నాళ్ళూ సెలవుగానే లెక్క. అన్నీ రాతలో ఇస్తారు. ఆమె చెప్పేది చట్టమే అయినా వినడానికి దయలాగే ఉంది.

"రోలర్ దగ్గరికి?" అని అడిగాడు మరిది.

"అక్కడ ఇప్పుడు..." అని ఆగింది అక్క.

"తెలుసు. మూల ముడుస్తున్నాట్ట, విన్నాను." మరిది కొద్దిగా నవ్వాడు. "పోన్లెండి. కుర్చీ అయినా సరే. మిషన్ల చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టడం లేదు వదినా. ఇంట్లో అంత నిశ్శబ్దం నాకు పడదు. నాకూ గొడవ వద్దు."

"మీకు వద్దేమో," అంది చెల్లెలు.

"నీకూ వద్దే. రోజూ రాత్రి మీ అక్క ఫోటో చూస్తూ కూర్చుంటున్నావు, నాకు తెలీదనుకోకు."

చెల్లెలు మొహం పక్కకి తిప్పుకుంది. అక్కకి ఎన్ని రోజులకో మొదటిసారి ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

వకీలమ్మ కాయితం బల్ల మీద పెట్టి కలం మూత తీసింది. మరిది కలం అందుకుని ఆగాడు.

"ఒక్కటే అడుగుతా వదినా. మీరు అవునన్నా కాదన్నా ఇంక దీని గురించి ఎత్తను. పొమ్మనాలనే ఆ మాట అన్నారా?"

"లేదు మరిదీ." అక్క వెంటనే అంది. "నీ మంచికే అనాలనుకున్నాను. నయమయ్యేదాకా అనే. మాట సరిగ్గా రాలేదు, అంతే. నాకు మాట్లాడటం చేతకాదని నీకు తెలుసుగా."

మరిది ఆమెను కాసేపు చూశాడు. "అవును, తెలుసు," అన్నాడు. "పెళ్ళి చూపుల్లో నన్ను చూసి 'ఇంత సన్నగా ఉన్నాడేంటి' అని మొహం మీదే అన్నారు." అని కాయితం తన వైపు జరుపుకున్నాడు.

వంటింటి గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పెద్దకూతురిని చూసింది. ఇన్నాళ్ళూ చూడని చూపు. అందులో కోపం పోయి జాలి వచ్చింది.

"అది అలా అంటుందేగానీ బాబూ, బాగానే మాట్లాడింది," అంది తల్లి చిన్నల్లుడితో. "నువ్వు విన్నది రెండోది. మొదటిది నువ్వు విన్లేదు."

"అమ్మా," అంది అక్క.

"ఉండవే, చెప్పనీ. నీమీద మచ్చ పడుతుంటే నేను నోరు మూసుకుని కూర్చోవాలా? ఇన్నాళ్ళూ కూర్చున్నది చాలు." తల్లి ముందుకి వచ్చింది. "నేను పక్కనే బఠాణీలు ఒలుస్తున్నాను బాబూ. ఎంత చక్కగా చెప్పిందనుకున్నావు! 'మరిదీ, ఏం తొందరపడకు. నీకు ఎప్పుడు నయమైతే అప్పుడే రా. నీ రోలర్ దగ్గర ఇంకెవర్నీ నిలబెట్టను, ఒట్టు. నువ్వు లేకపోతే దుప్పట్లు నా మాట వినడం లేదు' అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

జాగ్రత్తయ్య కిటికీ దగ్గర్నుంచి కదిలాడు. "అత్తయ్యగారూ, ఇప్పుడవన్నీ..."

"ఇదిగో, పెద్దల్లుడే అన్నాడు. అలా మాటిచ్చేస్తే రేపు మెడకి చుట్టుకుంటుంది, ఏదీ తేలకుండా దూరం నుంచి మాట్లాడినట్టు మాట్లాడు, అప్పుడే చట్టం మన జోలికి రాదు అని. పాపం ఇది దాన్ని చెరిపేసి మళ్ళీ చెప్పింది. అంతేగానీ దాని మనసు మంచిదే బాబూ. ఆ మాటలన్నీ దానివే."

కింద హైడ్రో ఆగిపోయింది. అరల మీద గ్లాసుల చప్పుడు కూడా ఆగింది.

"ఆవిడకి గుర్తులేక ఏదో..." అన్నాడు జాగ్రత్తయ్య.

మరిది చేతిలో కలం అలాగే ఉంది. "ఒట్టు అన్నారా?" అని అత్తగారినే అడిగాడు.

"అన్నది బాబూ. నా చెవులారా విన్నాను."

అతను వదిన వైపు తిరిగాడు. "నిజమేనా వదినా?"

"జవాబు చెప్పకండి," అంది వకీలమ్మ వెంటనే.

అక్క వకీలమ్మని చూసింది, భర్తని చూసింది. ఆయన కనురెప్పలతోనే జాగ్రత్త అంటున్నాడు. జీవితమంతా ఆ జాగ్రత్తనే నమ్ముకుని బతికింది ఆమె. చెల్లెలు మాత్రం అక్కనే చూస్తోంది, చిన్నప్పుడు జ్వరంలో చూసినట్టు.

"నిజమే," అంది అక్క.

మరిది కలం మూత వెతికి పెట్టాడు. కాయితాన్ని మెల్లగా వకీలమ్మ వైపు తోశాడు. రెండు చేతులూ బల్లకి ఆనించి, పళ్ళు బిగపట్టి లేచాడు. సాయం పట్టబోయిన అక్క చేతిని చూసి ఆగాడు, ఆమె చేయి వెనక్కి తీసుకునేదాకా ఆగాడు.

"మాట రాకపోతే మర్చిపోదామనే వచ్చాను వదినా," అన్నాడు. "మీకు వచ్చింది. నాకు కావలసినదంతా వచ్చింది. వచ్చాక చెరిపారు."

"ఏమైంది బాబూ?" అంది తల్లి కంగారుగా. "మంచే చెప్పానుగా నేను?"

"మంచే చెప్పారత్తయ్యా."

అతను భార్య భుజం మీద చేయి వేసి గుమ్మం వైపు నడిచాడు. గుమ్మం దాటుతూ, ఇంట్లో అందరికీ వినపడేలాగే భార్యని అడిగాడు.

"రేపు విచారణ ఎన్నింటికన్నావు?"